రెండు పనుల మనుష్యుడు: జాన్ మాకీ జీవితమునుండి ఒక పాఠము



ఈ నెల పాఠమునకు అమెరికా దేశపు ఆటగాని జీవితము నొకదానిని తీసికొనుచున్నాము. ఆతని పేరు జాన్ మాకీ. ఆతడు 1941 లో జన్మించి 2011 లో మరణించెను. ఆతడు ఆడిన ఆటను మనలో అనేకులు కన్నులార చూచియుండరు. అయినను తన దేహబలముచేత జీవనము చేసికొను ప్రతివానికిని, అట్టివాడు బలముడిగినప్పుడు వానిని కనిపెట్టవలసిన ప్రతి కుటుంబమునకును ఈ చరిత్రలో ఆలోచింపదగిన సంగతులు కలవు. వానిని మూడు మాటలలో చెప్పవచ్చును: పని, న్యాయము, సంరక్షణ. ఈ క్రమముననే పాఠమును చదువుదము.

1. ఆ ఆట యెట్టిది?

అమెరికావారు ఫుట్‌బాల్ అని పిలుచునది మన బడిపిల్లలు కాలితో తన్ను ఫుట్‌బాల్ కాదు. వారి బంతి గుండ్రముగా నుండక, పీచు తీయని కొబ్బరికాయవలె కోలగా నుండును. దానిని చేతితో పట్టుకొని పరుగెత్తుదురు, చేతితోనే విసరుదురు. మైదానము పొడవు 100 గజములు. ఆ పైన ఇరుకొసలను పదేసి గజముల గడి యొక్కొక్కటి యుండును. పక్షమునకు 11 మంది చొప్పున మైదానములో నిలుతురు.

బంతి చేతనున్న పక్షమువారు నాలుగు ప్రయత్నములలో 10 గజములు ముందుకు సాగవలెను. సాగినయెడల మరల నాలుగు ప్రయత్నములు దొరకును. సాగలేనియెడల బంతి ఎదుటివారి దగును. ఇట్లు సాగి సాగి ఎదుటివారి కొసగడిలోనికి బంతిని చేర్చినయెడల దానిని టచ్‌డౌన్ అందురు. దానికి 6 పాయింట్లు. ఎదుటివారు ఊరకుండరు. బంతి గలవానిమీదికి దూకి వానిని నేల గూల్చుదురు. అందుచేత ఆటగాండ్రు తలకు గట్టి టోపీయు, భుజములకు మెత్తలును ధరింతురు. ఇంత జాగ్రత్త చేసికొనినను దెబ్బలు తప్పవు. ఆ దెబ్బల మాట ముందు వచ్చును గనుక చదువరులు దీనిని జ్ఞాపకముంచుకొనవలెను.

2. కొసను నిలుచువాని పని

ప్రతి ప్రయత్నమునకు ముందు బంతి గల పక్షమువారిలో ఏడుగురు ఒక వరుసగా నిలుతురు. నడుమనుండు ఐదుగురి పని ఎదుటివారిని అడ్డగించుటయే. విసరిన బంతిని పట్టుకొనుటకు వారికి సెలవు లేదు. ఆ ఐదుగురికి ఆనుకొని వరుస కొసను నిలుచువానికి టైట్ ఎండ్ అని పేరు. టైట్ అనగా బిగువుగా, దగ్గరగా. ఎండ్ అనగా కొస. దగ్గరగా నిలుచు కొసవాడని దీని భావము.

ఈ కొసవానికి రెండు పనులు. ఒక ప్రయత్నములో అతడు నడుమవారితో కలిసి ఎదుటివారిని భుజబలముతో నెట్టి, తన తోటివానికి త్రోవ చేయవలెను. మరియొక ప్రయత్నములో అతడే ముందుకు పరుగెత్తి, విసరిన బంతిని పట్టుకొనవలెను. మొదటిది బండిలాగు ఎద్దు పని, రెండవది గుఱ్ఱపు పని. రెండును ఒక్క దేహమే చేయవలెను. మొదటి పనిలో వానికి పేరు రాదు. పరుగెత్తి గెలిచినవానినే జనులు చూతురు గాని, త్రోవ చేసినవానిని చూచువారు తక్కువ.

పూర్వము ఈ కొసవానిని ముఖ్యముగా అడ్డగించుటకే వాడుచుండిరి. 1961 లో చికాగో బేర్స్ జట్టులో చేరిన మైక్ డిట్కా అనువాడు తన మొదటి యేటనే 56 బంతులు పట్టి 1,076 గజములు సాగెను. అప్పుడు శిక్షకులు ఈ స్థానమును క్రొత్త కన్నులతో చూడ మొదలుపెట్టిరి. రెండేండ్ల తరువాత వచ్చిన జాన్ మాకీ దానికి ఇంకొకటి చేర్చెను. అదేమనగా, బంతి పట్టిన తరువాత ఆగిపోక, పట్టవచ్చినవారిని విదలించుకొని ఎంత దూరమైనను పరుగెత్తుట.

3. బాల్యమును చదువును

మాకీ న్యూయార్క్ నగరమున నల్లజాతి కుటుంబములో జన్మించెను. తండ్రి బాప్తిస్టు సంఘపు బోధకుడు. బాలుడు లాంగ్ ఐలండ్ అను ప్రాంతమున పెరిగి, హెంప్‌స్టెడ్ ఉన్నత పాఠశాలలో చదివెను. అక్కడనుండి సిరక్యూస్ విశ్వవిద్యాలయమునకు పోయెను.

ఆ విశ్వవిద్యాలయమున ఆతనితో ఒకే గదిలో నుండినవాడు ఎర్నీ డేవిస్. కళాశాల ఆటగాండ్రలో మేటియైనవానికిచ్చు హైస్మన్ బహుమానమును 1961 లో పొంది, ఆ బహుమానము పొందిన మొదటి నల్లజాతివాడని డేవిస్ పేరు దేశమంతట వినబడెను. వృత్తి ఆటగాండ్ర జట్టొకటి వానిని చేర్చుకొనెను. అయితే ఒక్క పందెమైనను ఆడకమునుపే రక్తపు క్యాన్సరు వానిని పట్టుకొనెను. 1963 మే 18 న, 23 ఏండ్ల ప్రాయమున, ఆ యువకుడు మరణించెను. దేహబలము మనుష్యుని చేతిలో ఎంతకాల ముండునో ఎవరును చెప్పలేరను సంగతిని మాకీ తన వృత్తి మొదలుపెట్టిన సంవత్సరమే, తన గదివాని మరణమందు చూచెను.

సిరక్యూస్‌లోనే సిల్వియా అను యువతితో ఆతనికి పరిచయమై, పిమ్మట వివాహమాయెను. వారికి ముగ్గురు పిల్లలు కలిగిరి. ఈమె పేరును చదువరులు మరువకుందురు గాక. ఈ పాఠములో సగము ఈమెదే.

4. మైదానములో పదియేండ్లు

1963 లో బాల్టిమోర్ కోల్ట్స్ జట్టువారు మాకీని ఎంచుకొనిరి. ఆతడు ధరించిన అంకె 88. మొదటి యేటనే 35 బంతులు పట్టి, 726 గజములు సాగి, 7 టచ్‌డౌన్లు చేసెను. 1966 లో 9 టచ్‌డౌన్లు చేయగా, వానిలో ఆరు 50 గజములకు మించిన పరుగులతో వచ్చినవి. ఒకరిద్దరు పట్టుకొన్నను ఆతడు పడకపోవుట చూచి జనులు ఆశ్చర్యపడుచుండిరి. 1969 లో ఆ వృత్తిసంఘమునకు 50 ఏండ్లు నిండినప్పుడు, ఆ ఏబదియేండ్లలోను మేటియైన టైట్ ఎండ్ అని ఆతనినే ఎంచిరి.

ఆతని జట్టు 1968 లో 14 పందెములలో 13 గెలిచెను. అయినను 1969 జనవరి 12 న జరిగిన సూపర్ బౌల్ అను పెద్ద పందెములో, బలహీనులని యెంచబడిన న్యూయార్క్ జెట్స్ వారిచేత 16-7 గా ఓడిపోయెను. రెండేండ్లకు మరల అవకాశము వచ్చెను. 1971 జనవరి 17 న మయామీ నగరమున డాలస్ కౌబాయ్స్ జట్టుతో పందెము జరిగెను. జానీ యూనిటస్ విసరిన బంతి తన జట్టువాడైన ఎడ్డీ హింటన్ చేతికి తగిలి మీదికెగసెను. అప్పటి నియమముప్రకారము ఒక పక్షమువాడు ముట్టిన బంతిని అదే పక్షమువాడు మరియొకడు వెంటనే పట్టరాదు. నడుమ ఎదుటివాడు ముట్టియుండవలెను. ఆ బంతి డాలస్ ఆటగాడైన మెల్ రెన్‌ఫ్రో వ్రేళ్లకు తగిలెనని న్యాయనిర్ణేతలు తీర్మానించిరి. వెనుక పరుగెత్తి వచ్చుచున్న మాకీ దానిని పట్టుకొని కొసగడివరకు పోయెను. మొత్తము 75 గజములు. పందెము చివర 5 సెకండ్లు మాత్రమే మిగిలియుండగా జిమ్ ఓబ్రయన్ బంతిని తన్నగా కోల్ట్స్ జట్టు 16-13 గా గెలిచెను.

దీనిని అదృష్టమని కొందరందురు. బంతి తనవైపు విసరబడకపోయినను ఆతడు నిలిచిపోలేదు. పని తనది కాదని ఊరకుండినయెడల ఆ బంతి నేల పడియుండును.

1972 లో సాన్ డియేగో చార్జర్స్ జట్టులో ఒక యేడు ఆడి మాకీ ఆట మానెను. పదియేండ్లలో ఆతడు 139 పందెములాడి, 331 బంతులు పట్టి, 5,236 గజములు సాగి, 38 టచ్‌డౌన్లు చేసెను. తప్పిపోయిన పందెము ఒక్కటి మాత్రమే.

5. తోటివారి పక్షమున

ఇంతవరకు పనిని గూర్చి చదివితిమి. ఇక న్యాయమును గూర్చి చదువుదము.

1970 లో రెండు వృత్తిసంఘములు ఏకమైనప్పుడు ఆటగాండ్ర సంఘమునకు మాకీ అధ్యక్షుడాయెను. ఆ కాలమున ఆటగాండ్రలో అనేకులకు వేసవిలో వేరొక ఉద్యోగము లేనిదే కుటుంబము గడచుట కష్టముగా నుండెను. దెబ్బతిని ఆట మానినవానికి దొరకు పింఛను స్వల్పము. ఆ యేడు వేసవిలో ఆటగాండ్రు కొద్దిదినములు పని మానిరి. ఫలితముగా పింఛనుకును ఇతర సహాయములకును దాదాపు 1 కోటి 10 లక్షల డాలర్లు వారికి లభించెను.

దీనికంటె కష్టమైన పోరు ఇంకొకటి కలదు. ఆ వృత్తిసంఘపు కమిషనరు పీట్ రోజెల్ పేరిట 1963 నుండి ఒక నియమము అమలులో నుండెను. ఒక ఆటగాని ఒప్పందము పూర్తిగా ముగిసిన తరువాత అతడు వేరొక జట్టులో చేరినయెడల, క్రొత్తజట్టు పాతజట్టునకు పరిహారమియ్యవలెను. ఎంత ఇయ్యవలెనో ఆ రెండు జట్లకు పొసగనియెడల కమిషనరు తీర్మానించును. ఎవరిని ఇచ్చుకొనవలసివచ్చునో ముందు తెలియదు గనుక, అట్టివానిని చేర్చుకొనుటకు జట్లు భయపడుచుండెను. కూలివాని గడువు తీరినను వేరొక కళ్లమునకు పోకుండ కట్టివేయుట వంటిది ఇది.

మాకీయు తోటి ఆటగాండ్రు కొందరును దీనిమీద న్యాయస్థానమున వ్యాజ్యము వేసిరి. ఆతని పేరే వ్యాజ్యమునకు మొదటి పేరు. మిన్నెసోటా రాష్ట్రపు ఫెడరల్ న్యాయస్థానమున న్యాయాధిపతి ఎర్ల్ లార్సన్ 1975 డిసెంబరులో ఆటగాండ్ర పక్షముగా తీర్పు చెప్పెను. 1976 లో పై న్యాయస్థానము కూడ, ఆ నియమము వ్యాపారపు స్వేచ్ఛను అన్యాయముగా అడ్డగించుచున్నదని తీర్మానించెను.

అప్పటికి మాకీ ఆట మాని మూడేండ్లు దాటెను. ఆ తీర్పువలన ఆతడు క్రొత్తజట్టులో చేరి ధనము సంపాదించు వీలు లేదు. తరువాత కుదిరిన ఒప్పందములలో మరల కొన్ని కట్టుబాట్లు వచ్చినవి. ఆటగాండ్రకు చాలినంత స్వేచ్ఛ 1993 లో గాని రాలేదు. నేడు కోట్లకొలది డాలర్లు పొందు ఆటగాండ్రు ఆతడు వేసిన త్రోవలోనే నడచుచున్నారు. మైదానమున ఎట్లు తోటివానికి త్రోవ చేసెనో, న్యాయస్థానమునను అట్లే చేసెను.

ఒహాయో రాష్ట్రమున కాంటన్ అను ఊర గొప్ప ఆటగాండ్ర గౌరవమందిరము కలదు. అందు టైట్ ఎండ్లలో మొదట 1988 లో డిట్కాను చేర్చుకొనిరి. మాకీని 1992 లో, అనగా ఆట మానిన 20 ఏండ్లకు చేర్చుకొనిరి. యజమానులకు ఎదురు నిలిచినందుననే ఇంత ఆలస్యమాయెనని అనేకులు తలంచిరి.

6. దెబ్బల వెల

అరువదేండ్ల ప్రాయమునకు వచ్చుసరికి మాకీలో మార్పు కనబడెను. సంగతులు మరచుటయేగాక స్వభావమే మారిపోవుచుండెను. వైద్యులు పరీక్షించి, మెదడు ముందుభాగమును ప్రక్కభాగములను క్షీణింపజేయు మతిభ్రంశవ్యాధి యని చెప్పిరి. ఈ వ్యాధిలో మొదట జ్ఞాపకముకంటె నడవడియే చెడును. శాంతుడు కోపియగును, శుభ్రముగల వాడు స్నానము మానును, చెప్పిన మాట వినడు. చూచువారు ఇది రోగమని తెలియక, మొండితనమని గాని పొగరని గాని అనుకొందురు.

ఒకసారి విమానాశ్రయమున తనిఖీ చేయువారు ఉంగరములు తీయుమనిరి. అవి సూపర్ బౌల్ విజయమునకును గౌరవమందిరమునకును గుర్తుగా ఇయ్యబడిన ఉంగరములు. తన ఉంగరములను దొంగిలింప వచ్చిరని తలంచి మాకీ తీయనని ముందుకు సాగెను. కావలివారు ఆతని మీదపడి నేలకు అదిమిరి. ప్రక్కనున్న సిల్వియా, ఈయన రోగి, ఈయనకు తెలియదని వారిని బ్రతిమాలుకొనవలసివచ్చెను. ఒకనాడు తొమ్మిదిమంది చేతులనుండి తప్పించుకొనగలిగినవాని స్థితి ఇట్లాయెను.

ఈ వ్యాధికి కారణమేమి? తలకు మరల మరల తగులు దెబ్బలు ఏండ్ల తరువాత మెదడును చెరుపునని వైద్యులు క్రమముగా కనుగొనిరి. నైజీరియా దేశమున పుట్టిన వైద్యుడు బెన్నెట్ ఒమాలు, 2002 లో మరణించిన మైక్ వెబ్‌స్టర్ అను ఆటగాని మెదడును పరీక్షించి, అట్టి నష్టమును చూచి, 2005 లో దానిని వైద్యపత్రికలో ప్రకటించెను. ఆ నష్టమునకు సి.టి.ఇ. అని పేరు. మాకీ మరణానంతరము ఆతని మెదడును బోస్టన్ విశ్వవిద్యాలయపు వైద్యులు పరీక్షింపగా అందును అదే కనబడెను. ఒక్కసారి స్పృహతప్పించు పెద్ద దెబ్బయే కాదు, ఏండ్లతరబడి తగులు చిన్న దెబ్బలును కూడి ఈ కీడు చేయును. వరుసలో నిలిచి ప్రతి ప్రయత్నమునను ఎదుటివానిని ఢీకొనువానికి అట్టి దెబ్బలు లెక్కలేనన్ని.

7. సిల్వియా వ్రాసిన ఉత్తరము

రోగిని కనిపెట్టుటకు ధనము కావలెను. ఆతనికి వచ్చు పింఛను చాలదు. సిల్వియా ఏబది యేండ్లు దాటిన వయస్సున విమానములో ప్రయాణికులకు పరిచర్య చేయు ఉద్యోగమున చేరెను. ఆ ఉద్యోగముతో కుటుంబమునకు వైద్యభీమా దొరకునని ఆమె ఆలోచన. సిగ్గుపడలేదు, గొప్ప ఆటగాని భార్యనని కూర్చుండలేదు.

2006 లో ఆమె అప్పటి కమిషనరు పాల్ టాగ్లియబ్యూకు ఉత్తరము వ్రాసెను. ఈ వ్యాధి రోగినే కాక కనిపెట్టువారిని కూడ మెల్లమెల్లగా చంపుచున్నదని ఆమె దాపరికము లేక తెలియజేసెను. ఆ ఉత్తరము వ్యర్థము కాలేదు. వృత్తిసంఘమువారును ఆటగాండ్ర సంఘమువారును కూడి, మతిభ్రంశము కలిగిన పూర్వపు ఆటగాండ్ర సంరక్షణకు ఒక నిధి నేర్పరచిరి. 2007 లో సహాయము మొదలాయెను. సంరక్షణాలయమున ఉంచినయెడల సంవత్సరమునకు 88,000 డాలర్ల వరకును, ఇంటియొద్ద ఉంచుకొనినయెడల 50,000 డాలర్ల వరకును అప్పుడు నిర్ణయించిరి. మాకీ ధరించిన అంకెను బట్టి దానికి 88 పథకమని పేరు పెట్టిరి.

ఈ సహాయము మాకీ కుటుంబమునకు మాత్రమే కాదు, అట్టి అనేక కుటుంబములకు చేరెను. భర్త న్యాయస్థానమున తోటివారికి చేసినదానిని భార్య ఒక్క ఉత్తరముతో చేసెను. 2011 జూలై 6 న, 69 ఏండ్ల ప్రాయమున, జాన్ మాకీ బాల్టిమోర్‌లో మరణించెను. తరువాత వేలకొలది పూర్వపు ఆటగాండ్రు వేసిన వ్యాజ్యము ఒడంబడికతో ముగియగా, 2017 జనవరిలో అది అమలులోనికి వచ్చెను. కళాశాల ఆటగాండ్రలో మేటియైన టైట్ ఎండ్‌నకు 2000 నుండి ప్రతి సంవత్సరము జాన్ మాకీ పేరిట బహుమానము ఇచ్చుచున్నారు.

8. మనము నేర్చుకొనదగినవి

మొదటిది, పేరురాని పనిని తక్కువగా ఎంచకూడదు. త్రోవ చేయువాడు లేనిదే పరుగెత్తువాడు లేడు. ఇంటను, పొలమునను, సమాజమునను ఇట్టివారెందరో కలరు. వారిని చూచి ఒక మంచిమాట చెప్పుట మన బాధ్యత.

రెండవది, తనకు లాభము లేకపోయినను న్యాయమునకై నిలుచుట. తీర్పు వచ్చుసరికి మాకీకి దానివలన ప్రయోజనము లేదు. అయినను తరువాత వచ్చువారు అనుభవింతురని నిలిచెను. చెట్టు నాటిన ముసలివాడు దాని పండు తినవలెనని లేదు.

మూడవది, తల దెబ్బను తేలికగా చూడకూడదు. ఆటలోనైనను, చెట్టుమీదనుండి పడినను, బండి ప్రమాదమునందైనను తలకు దెబ్బ తగిలి మైకము, వాంతి, మరపు కలిగినయెడల పసుపుపట్టు వేసి ఊరకుండక వైద్యునియొద్దకు కొనిపోవలెను. అట్టి బాలుని ఆ దినమున మరల ఆటకు పంపరాదు.

నాలుగవది, మతి తప్పిన పెద్దలను గూర్చినది. అడిగినదే మరల అడుగు తాతను, ఇల్లు మరచి వీధిలో తిరుగు అవ్వను చూచి పిల్లలు నవ్వుదురు. పెద్దలు పిచ్చియని గాని గాలి సోకెనని గాని చెప్పుదురు. అది మెదడు వ్యాధి. కోపపడుటవలన తగ్గదు, కట్టివేయుటవలన తగ్గదు. ఓర్పుతో ఆహారము పెట్టి, ప్రమాదము నుండి కాపాడి, తెలిసిన ముఖములు దగ్గర నుండునట్లు చూడవలెను.

ఐదవది, కనిపెట్టువారిని కనిపెట్టుట. ఆ యింటి కోడలో, భార్యయో, కుమార్తెయో రాత్రింబగళ్లు నిద్రలేక యుండును. రోగి యెట్లున్నాడని అడుగుదుము గాని, అమ్మా నీ వెట్లున్నావని అడుగము. వారమున కొక పూట పొరుగువారు ఆ రోగియొద్ద కూర్చుండినయెడల ఆమెకు ఒక పూట విశ్రాంతి కలుగును. దీనికి ధనము అక్కరలేదు. మనసుండిన చాలును.

కూడుకొనినప్పుడు ఆలోచింపదగిన ప్రశ్నలు

1. టైట్ ఎండ్ చేయు రెండు పనులేవి? వానిలో పేరు రానిది ఏది? మన ఊర అట్టి పని చేయువారెవరు?

2. ఒప్పందము ముగిసిన తరువాతను ఆటగాని కట్టివేసిన నియమమేమి? అది అన్యాయమని న్యాయస్థానము ఎందుకు తీర్మానించెను?

3. మాకీ నడవడిలో వచ్చిన మార్పులను తెలియనివారు ఎట్లు అర్థము చేసికొనియుందురు? మనము అట్లు తప్పుగా ఎంచినవారు ఎవరైన ఉన్నారా?

4. సిల్వియా ఉద్యోగమున చేరుటలోను ఉత్తరము వ్రాయుటలోను మీకు ఏది గొప్పగా తోచుచున్నది?

5. మన పొరుగున మతి తప్పిన పెద్దలుగల యిల్లేది? ఈ నెలలో ఏ దినమున, ఎవరు, ఏ పూట ఆ యింటికి పోయి కూర్చుందురు? పేర్లు వ్రాసికొని లేవవలెను.